ఎల్ పాల్మార్ జాలరిపల్లె: చీట్లు వేసి నీటిని పంచుకొను సంఘము

స్పెయిను దేశపు తూర్పుతీరమున, మధ్యధరా సముద్రపు టొడ్డున, వాలెన్సియా యను పట్టణము కలదు. దానికి దక్షిణముగా అల్బుఫేరా యను పెద్ద మంచినీటి సరస్సును, ఆ సరస్సు నంటి లంకవంటి మెరకమీద ఎల్ పాల్మార్ అను జాలరిపల్లెయు నున్నవి. గత జూలై మాసమున మేమా ప్రాంతపు వరిసాగును చూడబోయి, ఆ పల్లెలో కొన్ని దినము లుండి, అచ్చటి జాలరుల సంఘము నడచు తీరును విచారించి వచ్చితిమి.

చేపలు పట్టువారి సంగతి రైతుల పత్రికకేల యని మన సభ్యులలో కొంద ఱడుగవచ్చును. ఆ సరస్సు చుట్టును సుమారు 14,000 హెక్టారులు, అనగా మన లెక్కను ఇంచుమించు 35,000 ఎకరముల వరిచేలు కలవు. రైతు తన చేనినుండి వదలిన నీరే ఆ సరస్సున చేరును. రైతు వేసిన ఎరువు, చల్లిన మందు, వదలిన గడ్డి, అన్నియు అచ్చటికే పోవును. సరస్సు మట్టము పెరిగిన రైతు చేను మునుగును. తగ్గిన జాలరి వల యెండును. ఒకే నీటిమీద రెండు తెగలవారు కొన్ని వందల యేండ్లు బ్రదికిన చోటు గనుక, ఎవరి కెంత, ఎవరి కెప్పుడు అను ప్రశ్న అచ్చట ప్రతిదినమును పుట్టుచునే యున్నది. ఆ ప్రశ్నకు వారు చెప్పుకొనిన జవాబులలో కొన్ని మిక్కిలి మంచివి. కొన్ని కావు. రెండును వ్రాయుదుము.

అల్బుఫేరా యనునది అరబ్బీ మాట. చిన్న సముద్రమని దాని యర్థము. ముసల్మాను ప్రభువుల కాలమున ఆ పేరు వచ్చినది. ఒకప్పు డది ఉప్పునీటి కయ్య. కాలువల సేద్యము హెచ్చిన కొలదిని చేల మురుగునీరు చేరి చేరి మంచినీటి సరస్సైనది. నేడు దాని విస్తీర్ణము ఇంచుమించు 23 చదరపు కిలోమీటర్లు. లోతు సగటున ఒక మీటరు, అనగా నడుమువఱకు. సరస్సునకును సముద్రమునకును నడుమ దేవదారు జాతి చెట్లు పెరిగిన ఇసుకదిబ్బ యొకటి పొడవునను సాగియున్నది. ఆ దిబ్బను కోసికొని మూడు కాలువలు సముద్రమునకు పోవుచున్నవి. వానిని గోలా లందురు. మన కొల్లేటికి ఉప్పుటే రెట్టిదో ఆ సరస్సునకు గోలా లట్టివి. భేదమేమన, ప్రతి గోలాకును తలుపులు కలవు, వానిని ఎత్తుటకును దింపుటకును ఒక కట్టుబాటు కలదు.

సరస్సు పూర్వమిప్పటికంటె ఎన్నోరెట్లు పెద్దది. నదుల ఒండ్రు కొంత పూడ్చినది. మిగిలినది రైతులే పూడ్చిరి. పడవలతో మన్ను తెచ్చి, నీటిలో గట్టు పోసి, లోపల మరల మన్ను నింపి, కొన్ని యేండ్లకు దానిని వరిమడిగా చేసికొనుట అచ్చట పందొమ్మిదవ శతాబ్దమున ఘనమైన పని. ఒక కుటుంబము తమ జీవితకాల మంతయు మోసిన మన్ను ఒకటి రెండు ఎకరములై తేలెడిది. అట్టి చేలలో పల్లపువి నేటికిని సరస్సు మట్టముకంటె దిగువనే యున్నవి; చుట్టును గట్లు కట్టి, యంత్రములతో నీరు తోడి సాగుచేయుదురు. కొల్లేటి గట్లను ఎరిగిన మనవారికి ఈ వృత్తాంతము క్రొత్తగా తోచదు.

ఇక పల్లె సంగతి. పూర్వపు ఇండ్లకు బురదగోడలు, రెల్లుతో నేసిన నిటారు పైకప్పు. అట్టి ఇండ్లు నేడు కొన్నిమాత్రమే నిలిచియున్నవి. వీధులన్నిటను భోజనశాలలు, పట్టణమునుండి ఆదివారములందు వచ్చు జనము వానిని నింపుదురు. చదునడుగు పడవలు కాలువల వెంబడి కట్టియుండును. లోతు తక్కువగుటచే తెడ్డుకంటె పొడవైన గెడయే అచ్చట ముఖ్యము. ఇప్పుడు పలు పడవలు చేపలకు గాక చూడవచ్చినవారిని త్రిప్పుటకు పోవుచున్నవి. దీనిని మేము తప్పని చెప్పము. అయినను, జాలరిపల్లె యని పేరు విని పోయినవానికి మొదట కనబడునది చేప కాదు, చేపకూర పేర్లు వ్రాసిన పలకయని చెప్పుట న్యాయము.

ఆ పల్లె జాలరుల సంఘమునకు మూలము 13వ శతాబ్దమున నున్నది. 1238లో అరగోను రాజగు మొదటి హైమే వాలెన్సియాను జయించెను. జయించిన భూములను తనవారికి పంచిపెట్టెను గాని ఈ సరస్సును మాత్రము తన సొంతమునకు ఉంచుకొనెను. 1250లో జాలరులకు అందు చేపలుపట్టు హక్కు నిచ్చి, పట్టినదానిలో అయిదవ వంతు రాజునకు చెల్లింపుమనెను. నాటినుండి సరస్సు చేతులు మారినది. 1865లో రాజకుటుంబమునుండి ప్రభుత్వమునకు పోయినది. 1911లో చేసిన శాసనము ననుసరించి వాలెన్సియా పురపాలక సంఘము దానిని కొని, 1927లో స్వాధీనము చేసికొనెను. 1986లో ఆ ప్రాంతమంతయు ప్రకృతివనముగా ప్రకటింపబడెను. యజమాను లిందఱు మారినను చేపలుపట్టు హక్కు సంఘముది గానే నిలిచినది. ఏ యొక్క జాలరికిని ఈ నీరు నాదని చెప్పు హక్కు లేదు. సంఘమున సభ్యుడై యుండుటయే వాని ఆస్తి.

ఈ సరస్సున వలవేయుట సముద్రమున వలవేయుటవంటిది కాదు. పేరుపొందిన పద్ధతిలో జాలరి చేపను వెదకుచు తిరుగడు. నీటిలో కఱ్ఱలు పాతి, వానికి వల కట్టి దడివలె నిలిపి, చివరను మూతి యిరుకైన వలబుట్టలు అమర్చి, చేప తానే వచ్చుదాక కాచుకొనును. మనవైపున మావులు పన్నువారి యుపాయ మిదియే. దడి నొకచోట నిలిపిన పిమ్మట మాటిమాటికి కదల్చుటకు వీలుపడదు. కావున ఎచ్చట నిలిపితి మనుటలోనే లాభనష్టము లన్నియు నున్నవి.

అచ్చటి వారికి ముఖ్యమైన చేప మలుగుపాము. దాని జీవిత మాశ్చర్యకరమైనది. అది గ్రుడ్లు పెట్టునది ఆ సరస్సున కాదు, మధ్యధరా సముద్రమునను కాదు. వేలకొలది మైళ్ల దూరమున అట్లాంటికు మహాసముద్రములోని సర్గాసో సముద్రమున పుట్టి, గాజుముక్కవలె పారదర్శకమైన చిన్నపిల్లలై ప్రవాహములతో కొట్టుకొనివచ్చి, గోలాలగుండ సరస్సున ప్రవేశించును. అందు కొన్ని యేండ్లు పెరిగి, శరీరము వెండివన్నె తిరిగిన పిమ్మట, శీతకాలపు చీకటిరాత్రులలో గాలివాన వీచునప్పుడు తిరిగి సముద్రమునకు బయలుదేరును. ఆ రాత్రులలో అవి పోవుదారి నడ్డగించి దడి కట్టినవానికి ఒక్కరాత్రిలో ఏటి సంపాదన చేతికివచ్చును. దారికి దూరమున నున్నవానికి గంపెడైన దొరకదు. అందువలన నీటిలోని చోటులన్నియు సమానము కావు.

బలము కలవాడు మంచిచోటు నాక్రమించుకొనుట, లేనివాడు రాత్రి పోయి వాని వల కోయుట, తెల్లవారి కత్తులు దూయుట, ఇదియే సహజముగా జరుగవలసిన కథ. అట్లు జరుగకుండుటకై వారు కనుగొనిన ఉపాయము చీటి. సరస్సున దడి కట్టదగిన చోటులన్నిటికిని పేర్లు కలవు. ఒక్కొక్క చోటును రెదోలీ యందురు. ఆ మాటకు చిన్నగుండు అని యర్థము. పూర్వము కొయ్యగుండ్లలో జాలరుల పేరులు వ్రాసిన చీటీలను దాచి, ఆ గుండ్లను సంచిలో కలిపి, ఒక్కొక్కటిగా పైకితీయుచుండిరి. గుండు పేరే క్రమముగా చోటునకు పేరైనది. ప్రతి సంవత్సరము జూలై మాసపు రెండవ ఆదివారమున సభ్యులందఱు కూడుదురు. మొదట పేరు వచ్చినవాడు తనకు నచ్చిన చోటును ముందుగా కోరుకొనును, రెండవవాడు మిగిలినవానిలో కోరుకొనును, ఇట్లు చివరివఱకు. సెక్యోతా యను చోటు మిక్కిలి గొప్పదని ప్రసిద్ధి.

మేము చూచిన సభలో మమ్ము మెప్పించినది చీటి కాదు. చీట్లు వేయుట మనమును ఎరుగుదుము. చోటుల జాబితా ముందుగనే అందఱికి తెలిసియుండుటయు, దానిలో మార్పు ఏ యొక్కని యిష్టమునను జరుగకుండుటయు, చీటి తీయుట అందఱి కన్నుల యెదుట జరుగుటయు, వచ్చిన ఫలము ఒక్క సంవత్సరమునకు మాత్రమే చెల్లుటయు, ఈ నాలుగును కలిసి దానిని నిలుపుచున్నవి. చివరి చీటి వచ్చినవాడు దుఃఖించును, కాని పోట్లాడడు. మఱుసటి జూలై ఎంతో దూరము లేదు. మన దగ్గఱ సంఘపు చెఱువు చేపల వేలము ఒక్కని చేతిలో మూడేండ్లు పడి, మిగిలిన సభ్యులు గట్టుమీద నిలిచి చూచుట ఎన్ని గ్రామములలో లేదు!

అయితే చీటి దొరికినంతమాత్రమున కడుపు నిండదు. విసెంతె బ్లాస్కో ఇబాఞెస్ అను వాలెన్సియా నవలాకారుడు 1902లో ‘కాఞాస్ ఇ బారో’ యను నవలను ఈ పల్లెనుగూర్చియే వ్రాసెను. రెల్లును బురదయు నని ఆ పేరునకు అర్థము. అందు ఒక పేద జాలరికుటుంబపు యువకునికి మొదటి చీటి వచ్చి సెక్యోతా దక్కును. కాని అంత పెద్ద చోటున దడి కట్టుటకు కావలసిన వలలకును సామగ్రికిని వాని యింట పైకము లేదు. పల్లెలోని సారాయంగడివాడు పెట్టుబడి పెట్టి భాగస్థుడగును. అటుపిమ్మటి కథ ఇచ్చట చెప్పబనిలేదు. న్యాయముగా పంచిన హక్కు, పెట్టుబడి లేమిచే ఏ గుమ్మమున చేరునో ఆ గ్రంథకర్త చక్కగా కనిపెట్టెను. హక్కు నొక సంఘమిచ్చి, అప్పును మఱియొక అంగడివాడిచ్చుచున్నంతకాలము హక్కు అంగడివానిదే. మన పరపతి సంఘములు పుట్టినదియు ఈ కారణముననే గదా.

చీటితో మఱియొక విధముగ పని చేసికొనినవారిని గూర్చియు కొంచెము చెప్పుదుము. అదే మధ్యధరా సముద్రపు తూర్పుకొనన తురుష్కదేశమున అలాన్యా యను రేవు కలదు. అచ్చట 1970 ప్రాంతమున సుమారు నూఱుమంది చిన్నపడవల జాలరులు మంచిచోటులకై కలహించుచుండిరి. వారి సహకార సంఘమువారు పది సంవత్సరములకు పైగా తప్పులు దిద్దుకొనుచు ఒక పద్ధతిని తయారుచేసిరి. ప్రతి సెప్టెంబరు నెలలో సంఘ సభ్యులును కానివారును కలిసి చీట్లు తీయుదురు. ఎవనికి ఏ చోటు వచ్చునో అది వానికి మొదటిదినపు చోటు మాత్రమే. మఱునాడు ప్రతివాడును తూర్పువైపున ఒక్క చోటు జరుగును. ఇట్లు జనవరి వఱకు. జనవరినుండి మే వఱకు పడమరకు జరుగుదురు. చేపలు ఆ యా మాసములలో ఆ దిక్కులకు పోవునవి గనుక, సంవత్సరము ముగియునప్పటికి మంచిచోటు అందఱికిని కొంతకొంత దక్కును. ఒకడు తన వంతు కాని చోటున వల వేసిన, ఆ దినము ఆ చోటు హక్కుగల వాడే ముందుగా పోయి పట్టుకొనును. వేఱు కావలివాడు అక్కఱలేదు. ఫిక్రెట్ బెర్కెస్ అను పండితుడు దీనిని పరిశీలించి వ్రాసెను. అమెరికా దేశపు ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి 1990లో వెలువరించిన తన గ్రంథమున దీనిని ఉదాహరించెను. ఉమ్మడి ఆస్తులను గ్రామస్థులు తామే చక్కగా కాపాడుకొనగలరని నిరూపించినందుకు ఆమెకు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. మన పులికాటు సరస్సున ‘పాడు’ అను పేర జాలరులు వంతులచొప్పున చోటులు పంచుకొను ఆచారము ఈ జాతిదే. దానిని చూచుటకు విమానమెక్కి పోవలసినపని లేదు. కాలువ చివరి రైతులకు వారబందీ వంతు నిర్ణయించునపుడు తలవైపునుండియే ఎల్లప్పుడు మొదలిడక, ఒక కారు తలనుండియు, మఱియొక కారు తోకనుండియు ప్రారంభించుట మన నీటిసంఘములు ప్రయత్నింపదగినది.

ఎల్ పాల్మార్ సంఘమునందు మెచ్చరాని యంశము నిప్పుడు వ్రాయవలసియున్నది. చాలకాలము ఆ సంఘమున సభ్యత్వము తండ్రినుండి కొడుకునకు మాత్రమే వచ్చుచుండెను. జాలరి యింట పుట్టి, ఆ కాలువలలో పడవపై పెరిగిన ఆడపిల్లకు చీటిలో పేరు లేదు. స్పెయిను రాజ్యాంగము 1978లో స్త్రీపురుషులు సమానులని చెప్పిన తరువాతను సంఘము తన యాచారము మార్చుకొనలేదు. 1990 తరువాతి యేండ్లలో ఆ పల్లె స్త్రీలు కొందఱు మాకును సభ్యత్వ మిండని యడిగి, సంఘము నిరాకరింపగా న్యాయస్థానమునకు పోయిరి. ఇది మా సొంత సంఘము, మా ఆచారము మా యిష్టమని సంఘమువారు వాదించిరి. క్రింది న్యాయస్థానములలో స్త్రీలు గెలిచిరి. 2001లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమును వారి పక్షముననే తీర్పు చెప్పెను. ప్రజల నీటిలో చేపలుపట్టు హక్కు మీ యొక్కరికే యున్నప్పుడు, సభ్యుల నెన్నుకొనుటలో మీ రిచ్చవచ్చినట్లు చేయరాదని దాని సారాంశము.

తీర్పు వచ్చినను అమలు వెంటనే జరుగలేదు. పల్లె రెండుగా చీలెను. దావా వేసిన స్త్రీలతో పలువురు మాటలు మానిరి. పోటీదారు లెక్కువైన మంచిచోటు తమకు దక్కు అవకాశము తగ్గునని పురుషుల భయము. ఆ భయము నిజమైనదే గాని, అది న్యాయము కాజాలదు. అందఱికి సమానముగ పంచుటకై చీటిని కనిపెట్టినవారే చీటిసంచి మూతిని సగము జనమునకు కట్టివేసిరి. మేము దీనిని పరదేశపు దోషముగా వ్రాయుట లేదు. అంతర్జాతీయ సహకార సమితి 1995లో ప్రకటించిన సూత్రములలో మొదటిది సభ్యత్వము అందఱికి తెఱచియుండవలెననియే. మన గ్రామములలో నాట్లు, కలుపు, కోత స్త్రీలవే. పట్టా భర్త పేరనుండుటచే సంఘపు దస్త్రమున వారి పేరు లేదు. ఏ బైలాయును వారిని వద్దని చెప్పకయే వారు వెలుపల నిలిచియున్నారు. ఎల్ పాల్మార్ స్త్రీలకు తమ కడ్డమైన గోడ కనబడినది. మనవారికి అదియు కనబడదు.

సరస్సునకు నీరిచ్చు కాలువలలో కొన్నింటిని గూర్చిన తగవులు తీర్చు సభను చూచుటకు మేమొక గురువారము వాలెన్సియాకు పోయితిమి. ప్రధాన దేవాలయపు అపొస్తలుల ద్వారము ముంగిట ప్రతి గురువారము మధ్యాహ్నము పండ్రెండు గంటలకు ఆ సభ జరుగును. తూరియా నది కాలువ లెనిమిది, కాలువకొక ప్రతినిధి. వారందఱు సేద్యగాండ్రే, తమ కాలువ రైతులచే నెన్నుకొనబడినవారే. నల్లని అంగీలు తొడిగికొని వీధిలో అందఱి యెదుట కొయ్యకుర్చీలలో వలయముగా కూర్చుందురు. వకీళ్లు లేరు, కాగితములు లేవు. నీరు దొంగిలించుట, వంతు తప్పుట, గట్టు తెగగొట్టుట, పొరుగుచేను ముంచుట, కాలువ పూడిక తీయకుండుట, ఇవియే అచ్చటి నేరములు. ప్రతివాది ఏ కాలువవాడో ఆ కాలువ ప్రతినిధి తీర్పులో కలుగజేసికొనడు. తీర్పు అప్పుడే, నోటితోనే. 2009లో యునెస్కోవారు ఈ సభను మానవజాతి వారసత్వముల పట్టికలో చేర్చిరి. మేము పోయిన గురువారమున భటుడు ఎనిమిది కాలువల పేరులును వరుసగా పిలిచెను. ఒక్క ఫిర్యాదియు రాలేదు. కొద్ది నిమిషములలో సభ ముగిసెను. చూడవచ్చిన పరదేశీయులు నిరాశచెందిరి. మాకు మాత్రము ఫిర్యాది లేకుండుటయే ఆ సభ పనితనమునకు గుర్తని తోచినది.

కాలువల తగవులకు ఆ సభ కలదు; సరస్సు మట్టమునకు మాత్రము వేఱు ఏర్పాటు. గోలాల తలుపులు మురుగునీటి సంఘమను రైతుల సంఘము చేతిలో నున్నవి. సరస్సు మట్టము రైతు పంచాంగము ననుసరించి నడచును. మే నెలలో చేలకు నీరు పెట్టి, నానబెట్టిన విత్తనమును నేరుగా నీటిలో చల్లుదురు. నారు పోసి ఊడ్చు పద్ధతి అచ్చట కూలి హెచ్చుటచేతను కలుపు మందులు వచ్చుటచేతను ఇరువదవ శతాబ్దపు ద్వితీయార్ధమున అంతరించినది. నడుమ కొన్ని దినములు చేలు ఆరగట్టుదురు. సెప్టెంబరులో కోత. నవంబరునుండి తలుపులు దింపి, కోసిన చేలన్నిటిని శీతకాల మంతయు నీటితో నింపియుంచుదురు; అడవి బాతులు వేలకొలదిగ దిగును. సంక్రాంతి వేళకు మరల నీరు తీసి, బురద దున్నుట మొదలిడుదురు. జాలరికి ఏ దినమున ఎంత మట్టము కావలెనో అడుగువాడు లేకపోలేదు. కాని తలుపు పిడి రైతు చేతిలోనిది. ఈ విషయమున జాలరుల ఫిర్యాదు పాతది, నేటికిని తీరనిది.

అంతకంటె పెద్దది నీరు చెడుట. 1960 తరువాత వాలెన్సియా పరిసరములలో జనమును కర్మాగారములును పెరిగి, మురుగు శుద్ధిలేకయే సరస్సున కలిసెను. అదే కాలమున చేలలో ఎరువులు, పురుగుమందులు హెచ్చెను. అంతవఱకు అడుగు కనబడునంత తేటగా నుండి, నీటిమొక్కలతో నిండియుండిన సరస్సు పదిపదునైదేండ్లలో పచ్చని పాచిరసమువలె మారెను. నీటిమొక్కలు నశించెను. విలువగల చేపలు తగ్గెను. తరువాత మురుగును మళ్లించు కాలువలును శుద్ధికర్మాగారములును కట్టిరి. కొంత మేలు కలిగినది. అయినను మేము పడవపై పోయినపుడు చేయి మోచేతివఱకు ముంచిన, వ్రేళ్లు కనబడలేదు. ఒకసారి ఎక్కువైన భాస్వరము అడుగు బురదలో చేరి కూర్చుండును. మీదినుండి వచ్చుట ఆగినను క్రిందినుండి లేచుచునే యుండును. సరస్సు చెంత 40 హెక్టారుల వరిచేనిని రెల్లుమడులుగా మార్చి, నీటిని వానిగుండ నెమ్మదిగా పారించి వడగట్టు ప్రయత్నము మేము చూచితిమి. లోనికి పచ్చగా పోయిన నీరు వెలుపలికి తేటగా వచ్చుచున్నది. పూర్తి సరస్సున కది చాలదు గాని, దారి తెలియుచున్నది.

గడ్డి సంగతి మన రైతులు శ్రద్ధగా వినవలెను. అచ్చట పశువులు లేవు. కోతయంత్రము విడిచిన గడ్డి చేనిలోనే పడియుండును. పూర్వము కాల్చుచుండిరి, పొగ పట్టణమును కమ్మెడిది. కాల్చరాదని నిబంధనలు వచ్చినవి. కాల్చక విడిచిన గడ్డిమీద శీతకాలపు నీరు పెట్టినంతనే అది క్రుళ్లి, నీటిలోని ప్రాణవాయువును హరించి, నల్లని దుర్గంధపు నీరై సరస్సున దిగును. చేపలు గుంపులుగా చచ్చి తేలును. అప్పుడు జాలరులే, కాల్చిననే మేలని చెప్పవలసి వచ్చినది! పొగయా, చేపలా యను వివాదము కోతలైన ప్రతి శరత్కాలమునను తిరిగి లేచును. గడ్డిని కట్టలుకట్టి తరలించుట, లేక నీరు పెట్టుటకు ముందే పొడినేలలో ముక్కలుచేసి కలియదున్నుట మేలైన మార్గములు. రెంటికిని వ్యయమున్నది, ఆ వ్యయమెవరిదను ప్రశ్నయే మిగిలియున్నది. మనకు వరిగడ్డి పశువుల మేత. వామి వేయు ఆచార మింకను చావలేదు. కోతయంత్రము వెనుక గడ్డి కాల్చుచున్నవారు ఈ యదృష్టమును తెలిసికొనవలెను.

వారివద్ద నేర్వదగినది మఱియొకటి కలదు. కాండము తొలుచు పురుగునకై పూర్వము ఆకాశమునుండి మందు చల్లుచుండిరి. ఇప్పుడు ఆడపురుగు వాసనవంటి వాసన గల మందును కఱ్ఱలకు తగిలించి చేలంతట నిలుపుదురు. మగపురుగు ఏ దిక్కు పోవలెనో తెలియక తిరుగును, సంతతి తగ్గును. ఒక రైతు తన మడిలో మాత్రము పెట్టిన ప్రయోజనము లేదు. పరిసరము లన్నియు ఒకేమారు చేయవలెను. అందుచే అది ప్రభుత్వమును రైతులును కలిసి చేయు పని. మన మొగిపురుగు వేఱుజాతిదే అయినను, దానికిని అట్టి లింగాకర్షక బుట్టలు లభించుచున్నవి. అమ్మోనియా, యూరియా వంటి నత్రజని ఎరువులనుగూర్చి మేము చెప్పుచు వచ్చినదే మరల చెప్పుదుము: ఒకేసారి చల్లక రెండు మూడు దఫాలుగా బురదపదునున చల్లి, 36 మొదలు 48 గంటల తరువాత నీరు పెట్టి, మడవ మూసి యుంచవలెను. మడవగుండ పోయిన ఎరువు రైతునకు నష్టము. దిగువ చెఱువునకు విషము.

మలుగుపాము విషయము వ్రాసి ముగింతుము. ఐరోపా దేశములన్నిటను ఆ జాతి ఎంత తగ్గినదనగా, 2008నుండి అది అంతరించిపోవు ప్రమాదము మిక్కిలి యెక్కువగా గల జీవుల పట్టికలో నున్నది. ఆనకట్టలు, మురుగు, పిల్లలను మితిమీరి పట్టుట, ఒక కారణమని చెప్పుటకు లేదు. ఎల్ పాల్మార్ భోజనశాలలలో వెల్లుల్లి, ఎఱ్ఱమిరపపొడి, బంగాళాదుంపలతో ఆ చేపను ఉడికించి పెట్టు కూర ప్రసిద్ధము; మేమును తింటిమి; కారము మన నాలుకకు చాలదు. ఆ పల్లెలోనే ప్రభుత్వపు మత్స్యకేంద్ర మొకటి కలదు. సముద్రమునుండి వచ్చు గాజుపిల్లలను పట్టు జాలరులు తాము పట్టినదానిలో కొంతభాగము అచ్చట అప్పగింపవలెను. వానిని తొట్లలో పెంచి, కొంత పెరిగిన పిమ్మట నదులలోను సరస్సులోను మరల విడుతురు. మేము చూచిన తొట్టిలో జానెడు పొడవు పిల్లలు కొన్ని వేలు అడుగున ఒకదానిపై నొకటి పడి యుండెను; పనివాడు దీపమార్పగా అవన్నియు ఒక్కసారిగా కదలి నీరు వచ్చు గొట్టమువైపునకు తల త్రిప్పినవి.